గాలికి గోడ కట్టినాయన

రెండు మిరప సీజన్లపాటు మా ఊరి పైబజారు పెద్దాయనకు సొంత నెట్‌వర్క్ లేదు. ఉందని ఆయన అనుకున్నాడు, ఊరంతా అనుకుంది. ఆయన పొలాల్లో ఇనప గొట్టాల మీద బిగించిన పద్నాలుగు పెట్టెలూ మా పేట నెట్‌వర్కులో కలిసిపోయి పనిచేశాయి. కలిపింది నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. అన్నీ రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పేజీలో "పెట్టెలు సర్వీసు చేశాను" అని ఒక్క ముక్క రాసి మూసేశాను.

ఇప్పుడు చెబితే పోయేదేమీ లేదు. నేను ఊరు వదిలాక ఇంకో సీజన్ నడిచి ఆ పెట్టెలు దించేశారు. వాటి గొట్టాలు కాకర పందిళ్లకు గుంజలయ్యాయి. నాన్న కౌలు మానేసి గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. పోయిన ఆదివారం వాట్సాప్‌లో, ఆ పెట్టెలు బిగించిన నెట్‌వర్క్ సార్ ఫొటో వచ్చింది. చుట్టూ పూలదండ బొమ్మ, కింద ఆత్మకు శాంతి కలగాలని ఒక వాక్యం. ఫొటోలో ఆయన కోటు వేసుకుని ఉన్నాడు. ఆయన ఎప్పుడూ కోటు తొడగలేదు. స్టూడియోవాళ్లు మెడ దగ్గర అతికించారు. ఎవరిదో కోటులో ఆయన తల చూసి నాకు జాలి కలగాల్సింది. కలగలేదు. చివరికి ఇది కూడా సొంతది కాదు అనుకున్నాను.

నెట్‌వర్క్ సార్ అని ఆయనకు ఊళ్లవాళ్లు పెట్టిన పేరు కాదు. ఆయనే పెట్టుకున్నాడు. ఫోనెత్తితే "నెట్‌వర్క్ సార్ మాట్లాడుతున్నా" అనేవాడు. నాలుగుసార్లు విన్నాక అందరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు.

సత్తెనపల్లి బస్టాండు వెనక సందులో, ఎరువుల కొట్టు పైన ఒక గది ఆయన ఆఫీసు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ చేరాను. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని కావడమే నాకు నచ్చింది. పెట్టెకు కేబుల్ పెట్టి, లాప్‌టాప్‌లో అంకెలు కొట్టి, పైన స్టిక్కరు అంటించాలి, అంతే. ఖాళీ దొరికితే బల్ల సొరుగులో దాచుకున్న పుస్తకం తీసి చదువుకునేదాన్ని. ఆయన చూసినప్పుడల్లా "ఏమ్మాయ్, పరీక్షలా?" అనేవాడు. పరీక్ష లేకుండా కూడా మనుషులు పుస్తకం తెరుస్తారని ఆయనకు తోచేది కాదు.

ఆయన చొక్కా జేబులో ఎరుపు, నీలం, ఆకుపచ్చ పెన్నులు మూడుండేవి. మూడింట్లో ఒక్కటీ రాసేది కాదు. సంతకం పెట్టాల్సి వస్తే చెయ్యి నా వైపు చాపేవాడు. ఎవరైనా తనకు తెలియనిది అడిగితే కళ్లజోడు తీసి చొక్కా లోపలి అంచుతో తుడిచేవాడు. ఎంత తెలియకపోతే అంతసేపు తుడిచేవాడు. కొత్త పెట్టె బిగించాక గొట్టం కింద నిలబడి, తలెత్తి, "హలో, హలో, టెస్టింగ్" అని కేకేసేవాడు. ఆ పెట్టెలో మైకు లేదు. దానికి మాట వినపడదు. రైతులు మాత్రం ఆయన వెనకాల నిలబడి, అది జవాబిస్తుందేమోనని తలలెత్తి చూసేవాళ్లు.

ఆ పెట్టెల సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. మా వైపు మిరపకాయలు కోశాక కల్లంలో పరిచి ఎండబెడతారు. ఆ నాలుగు వారాల్లో ఎప్పుడు వాన పడినా ఏడాది కష్టం పోతుంది. ఎర్రగా ఉండాల్సిన కాయ తెల్లబడి తాలు అవుతుంది. అందుకని పొలం చివర వాన చినుకును పసిగట్టే గిన్నె ఒకటి పెడతారు. గిన్నెలో చినుకు పడగానే పక్కనున్న పెట్టె ఆ కబురును తర్వాతి పెట్టెకు అందిస్తుంది, అది ఆ పైదానికి. తీగలుండవు. గట్టు మీద ఒకరికొకరు కేకేసుకున్నట్టు కబురు పెట్టె నుంచి పెట్టెకు పోయి కల్లంలో సైరన్ మోగిస్తుంది. జనం పరుగెత్తి కాయల మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకుంటారు. పెట్టెలు ఎన్ని ఎక్కువుంటే కబురు అంత దూరం, అంత నమ్మకంగా పోతుంది. ఊరంతటికీ ఒక్క నెట్‌వర్క్ చాలు. ఇది నాకు కేబుల్ పట్టుకున్న మొదటి వారంలోనే అర్థమైంది.

మా ఊళ్లో మూడు నెట్‌వర్కులు పెట్టాడు సార్. పైబజారుకొకటి, కిందబజారుకొకటి, మా పేటకొకటి. రెండు బజార్లకూ ఎన్నికల దగ్గర్నుంచి పడదు. ఆ రెంటికీ మా పేటతో ఉన్నది పడకపోవడం కూడా కాదు, మేం వాళ్ల లెక్కలోకే రాం. ఈ తేడాలు ఆయన పుట్టించినవి కావు. వాటిని గాల్లోకి ఎక్కించిన ఘనత మాత్రం ఆయనదే.

పైబజారు పెద్దాయన వసారాలో ఈ మాటలు జరిగినప్పుడు నేను కేబుళ్ల సంచి పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను.

"మా పెట్టె కిందబజారోళ్ల కబురు మోస్తదా?" అని అడిగాడు పెద్దాయన.

"మొయ్యదు సార్" అన్నాడు నెట్‌వర్క్ సార్.

"పేటోళ్లది?"

"అబ్బే, వాళ్ల గాలి కూడా తగలనియ్యను సార్. అందరూ తీగలు లాగుతారు, నేను గాలికి గోడ కడతా."

నేను పేట పిల్లనని ఆయనకు తెలుసు. మా నాన్న పెద్దాయన దగ్గరే మూడెకరాలు కౌలుకు చేస్తున్నాడనీ తెలుసు. ఆ మాట అనేటప్పుడు నావైపు చూడను కూడా చూడలేదు. సంచి పట్టుకున్న మేకు వైపు ఎవరు చూస్తారు?

సార్ ఆ రోజే మా ఇంటికీ వచ్చాడు, పేట వాళ్లంతా కలిసి కొనుక్కున్న ఆరు పెట్టెలు ఎక్కడ పెట్టాలో చూడటానికి. అమ్మ కొత్త గ్లాసు కడిగి టీ పోసింది. "షుగరమ్మా, తాగకూడదు" అని చేత్తో అడ్డం పెట్టాడు. అంతకు గంట ముందు పెద్దాయన ఇంట్లో రెండు టీలు తాగి, రెండోదాంట్లో చక్కెర తక్కువైందని అడిగి వేయించుకున్నాడు. అమ్మ ఆయన వెళ్లాక, "పాపం, ఈ వయసులోనే షుగరంటే కష్టమే" అంది. ఆ టీ నేను తాగాను.

ఇక అంకెల సంగతి. గాల్లో కబుర్లు పోయే దారులకు నంబర్లుంటాయి. ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో నంబరు, ఒక రహస్యపు తాళం మాట పెడతారు. పెద్దాయన తనకు తొమ్మిది కావాలన్నాడు. ఆయన కారు నంబరు కూడినా తొమ్మిదే, ఫోను నంబరు కూడినా తొమ్మిదే. కిందబజారు ఆయనకు కూడా ఎవరో జ్యోతిష్యుడు తొమ్మిదే చెప్పాడట. సార్ ఇద్దరి దగ్గరా విడివిడిగా ఒట్టేశాడు, తొమ్మిది మీ ఒక్కరికే అని. ఆఫీసుకొచ్చి నాతో, "ఇద్దరికీ తొమ్మిదే కొట్టు. తాళం మాటలు వేరు పెట్టు. ఒకళ్లది ఒకళ్లకి అర్థం కాదు, సరిపోద్ది" అన్నాడు.

"అర్థం కాకపోయినా, ఒకే దారిలో ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఎవరిదీ వినపడదు సార్" అన్నాను. ఆ ఆఫీసులో నేను మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

ఆయన కళ్లజోడు తీశాడు. తుడిచాడు. "పెట్టెలకి నోరెక్కడుందమ్మాయ్ అరవడానికి?" అన్నాడు. రోజూ వాటికి హలో చెప్పే మనిషి.

మా పేటకు ఎనిమిది వచ్చింది. "ఎనిమిది శని. ఎవరూ తీసుకోరు. మీవాళ్లకి కొట్టెయ్, ఏసుప్రభువుకి శని పట్టదుగా" అని తన జోకుకు తనే నవ్వాడు.

మొదటి సీజన్ ఎలా గడవాలో అలాగే గడిచింది. రెండు బజార్లవీ ఒకే దారిలో అరుచుకుని, చినుకు పడ్డా సగంసార్లు సైరన్లు మోగలేదు. పైగా పెద్దాయన గిన్నె పడమటి మెరక మీద ఉంది, కల్లమేమో మా పేట అవతల రోడ్డు పక్కన. మధ్యలో ఉన్నవి మా పేటవాళ్లు చేసే పొలాలు. అక్కడ ఆయన పెట్టె ఒక్కటీ లేదు. మా పెట్టెలు ఆయన కబురు మొయ్యవు, గోడ ఉంది కదా. మా సంగతి ఇంకోరకం. మా నంబరులో గొడవే లేదు, శుభ్రంగా మోగేది. అయితే మా గిన్నె తూర్పు పల్లంలో ఉంది. వాన మాకు పడమటి నుంచి వస్తుంది. సైరన్ వినపడేసరికి మా జుట్టు తడిసి ఉండేది. ఆ ఏడు నాన్న కాయల్లో సగం తాలు అయ్యాయి. పెద్దాయన ఆ సంగతి విని, "వచ్చే ఏడు కూడా ఇట్టాగైతే కౌలు వేరేవాళ్లకిస్తా, ఏమనుకోమాక" అన్నాడట. నాన్న ఆ మాట అమ్మకు చెబుతుంటే గోడ ఇవతల విన్నాను.

రెండో సీజన్ మొదట్లో పెద్దాయన తన పద్నాలుగు పెట్టెలూ దింపించి ఆఫీసుకు పంపాడు. బాగుచేసి ఇవ్వకపోతే సార్‌ని ఊళ్లోకి రానివ్వనన్నాడు. సార్ వాటిని నా బల్ల చుట్టూ పేర్పించి, "ఏదోటి చెయ్యమ్మాయ్. తొమ్మిది మాత్రం మార్చమాక" అని చెప్పి, అద్దంకిలో పెళ్లికని వెళ్లిపోయాడు.

నేను మొదటి పెట్టెకు కేబుల్ పెట్టాను. నంబరు ఎనిమిది కొట్టాను. తాళం మాట దగ్గర మా పేటది కొట్టాను. పైన కొత్త స్టిక్కరు మీద 9 అని అందంగా రాసి అంటించాను. తర్వాత రెండోది. పద్నాలుగోది అయ్యేసరికి ఎరువుల కొట్టువాళ్లు షట్టరు దించుతున్నారు. ఇది దొంగతనమా అని చాలాసార్లు ఆలోచించాను. వాళ్ల కబురు మేం వింటాం, నిజమే. వాళ్ల కబురును మా ఆరు పెట్టెలు మోస్తాయి, అదీ నిజమే. బడిలో లెక్కల టీచరు ఉంటే రెండూ కొట్టేసి సున్నా చేసేది.

పెట్టెలు మళ్లీ గొట్టాలెక్కాయి. పైబజారు సైరన్ మొదటిసారి సరిగ్గా మోగింది. తొమ్మిదో దారిలో కిందబజారు ఒక్కటే మిగలడంతో వాళ్లదీ బాగుపడింది. రెండుచోట్లా సార్‌కి శాలువాలు కప్పారు. రెండుచోట్లా ఆయన ఒకే మాట చెప్పాడు, "అంతా తొమ్మిది మహిమ" అని. ఆఫీసులో శాలువాలు రెండూ కుర్చీ వీపు మీద వేసుకుని కూర్చునేవాడు, వేసవిలో కూడా. నాతో మాత్రం "ఏం చేశావ్?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే తనకు తెలియదని తెలిసిపోతుందని నా అభిప్రాయం.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని కల్లంలో ఉన్నాం. మంచి ఎండ. సంతోషమ్మత్త నా పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఉన్నట్టుండి మా సైరన్ మోగింది. రోడ్డవతల పైబజారు కల్లంలోదీ అదే క్షణంలో మోగింది.

"ఇదేం రోగమే దీనికి, ఎండ కాస్తంటే కూస్తంది!" అంది అత్త.

"ముందు పట్టా లాగు చెల్లెమ్మా, తిట్టుకోటానికి సాయంత్రం దాకా టైముంది" అన్నాడు నాన్న.

లాగాం. అంచుల మీద రాళ్లు పెట్టి, ఆఖరి మూల కట్టేసరికి పడమర నల్లబడింది. తర్వాత పడ్డ వానకు కల్లం చుట్టూ మోకాటి లోతు నీళ్లు పారాయి. పట్టా కింద కాయ ఒక్కటీ తడవలేదు. నాన్న పట్టా కిందికి చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, గలగలలాడించి, నా చెవి దగ్గర పెట్టాడు.

మర్నాడు పొద్దున సార్‌ని, నన్ను పైబజారు కల్లానికి రమ్మని కబురొచ్చింది. పెద్దాయన నులకమంచం మీద కూర్చున్నాడు. చుట్టూ కూలీలు, మా పేటవాళ్లు కొందరు. తలగుడ్డ చేతిలో పట్టుకుని నాన్న కూడా ఉన్నాడు.

"ఏందయ్యా నెట్‌వర్కూ, మా గిన్నెలో చినుకు పడితే పేటోళ్ల కల్లంలో కూతేంది?"

"అట్టా జరగదు సార్. గోడ ఉంది."

"ఉంటే చూపియ్. ఇప్పుడే, ఇక్కడే. ఎవరన్నా కెలికారని తేలిందా, వాళ్లే కాదు, వాళ్లింట్లో వాళ్లెవరూ నా పొలంలో కాలు పెట్టరు. చెప్తన్నా."

నాన్న పెద్దాయన వైపే చూస్తున్నాడు, ఏమీ తెలియని మనిషి చూసినట్టు. నేను కేబుల్ పెట్టాను. రెండుసార్లు జారింది. లాప్‌టాప్‌లో జాబితా తెరుచుకుంది. ఇరవై పెట్టెలు, ఒకే వరసలో, ప్రతిదాని పక్కనా ఎనిమిది. మూడెకరాలూ నా చేతిలోంచి ఆ తెర మీదికి జారినట్టనిపించింది.

సార్ వంగి చూశాడు. కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అంతసేపు తుడవడం నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ పెట్టుకుని, తెర మీద వేలుంచి, పెదాలు కదుపుతూ పైనుంచి కిందికి వచ్చాడు. మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి కిందికి వచ్చాడు. ఏమీ తెలియనివాడు దేనికోసం వెతుకుతున్నాడో అనుకున్నాను. లాప్‌టాప్ మూశాడు.

"తొమ్మిదే సార్. పద్నాలుగు పెట్టెలూ తొమ్మిదిలో చెక్కుచెదరకుండా ఉన్నయ్. పేటోళ్ల గిన్నెలో కాకి రెట్టేసుంటది, దానికి మోగింది."

కల్లమంతా గొల్లుమంది.

"కాకి కూడా టయానికే వేసిందే!" అన్నాడు పెద్దాయన పొట్ట పట్టుకుని.

"పేట కాకి గదా సార్. మీ సైరన్ వింటే పని మొదలెట్టాలని అలవాటు పడుంటది" అని సార్ ఇంకొకటి తగిలించాడు.

నాన్న కూడా నవ్వాడు. తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

ఆ రోజు డైరీలో మాత్రం పేజీలు నింపాను. "ఇరవై ఉన్నచోట పద్నాలుగు చదివాడు. లెక్కపెట్టడం రాని మనిషి దగ్గర జీతానికి ఉన్నాను. మా పొలం నిలబడింది ఆయన తెలివితక్కువతనం వల్ల. దానికైనా మా నాన్నను కాకితో కలిపి నవ్వించనక్కర్లేదు." ఇంకా చాలా ఉంది. ఆయన నమిలే తీరు మీద కూడా ఒక పేరా ఉంది.

ఆ కోతలు అయిపోయాక గుంటూరులో బీఈడీ సీటు వచ్చింది. పని మానేస్తానని చీటీ రాసి ఆయన బల్ల మీద పెట్టాను, నోటితో చెప్పలేక. బయల్దేరే రోజు సత్తెనపల్లి బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, సందులోంచి ఆయన వస్తూ కనిపించాడు, చేతిలో కవరుతో. కిటికీ దగ్గరకొచ్చి కాయితం తీశాడు. అనుభవ ధ్రువీకరణ పత్రం. "ఒకే ఊరిలో మూడు వేర్వేరు వైర్‌లెస్ నెట్‌వర్కులను ఒకదానికొకటి తగలకుండా సమర్థవంతంగా నడిపినది" అని టైపు చేయించాడు. సంతకం లేదు. చెయ్యి చాపాడు. నా పెన్ను ఇచ్చాను. బస్సు రేకుకు కాయితం ఆనించి సంతకం పెట్టి, పెన్ను తన జేబులో నాలుగోదిగా పెట్టుకున్నాడు.

"ఆ రోజు జాబితాలో ఇరవై ఉన్నయ్" అన్నాడు, కాయితం లోపలికి అందిస్తూ. "పద్నాలుగుండాలి. రెండుసార్లు లెక్కపెట్టా."

ఆయన కళ్లజోడు తియ్యలేదు. డ్రైవరు ఎక్కాడు, ఇంజను మొదలైంది. ఆ కాస్త సేపట్లో ఆయన మీద నేను రాసిన పేజీలు ఒక్కొక్కటే కళ్ల ముందు తిరిగాయి. ఏవి కొట్టేయాలో, ఏవి ఉంచాలో అనుకుంటూ ఉన్నాను. టీ గ్లాసు పేజీ ఉంచాలి. కాకి పేజీ సంగతి తేల్చుకోలేకపోయాను. మా నాన్న కోసమే అన్నాడేమో, ఇంకేమీ తోచక అన్నాడేమో. ఆ ఒక్కసారి ఆయనకు దణ్ణం పెట్టాలనిపించి చేతులు కిటికీ దాకా వచ్చాయి.

బస్సు కదిలింది. ఆయన పక్కనే నాలుగడుగులు నడిచి, అటూ ఇటూ చూసి, కిటికీ ఊచ పట్టుకుని గొంతు తగ్గించాడు.

"నేను చూశానని మాత్రం ఎవరితోనూ అనమాక అమ్మాయ్. అడిగితే, సార్‌కి అయ్యేం తెలవ్వు, ఒట్టి మొద్దు అని చెప్పు."